ఆమె జవాబు చెప్పే చోట

పెనుకొండలో ఆదివారం పూట మేం ఆడే ఆట గురించి ఎవరికైనా చెప్పాలంటే నాకు ఇప్పటికీ తడబాటే. నలభై ఆరేళ్ల జూనియర్ కాలేజీ తెలుగు లెక్చరర్ హిందూపురంలో బస్సెక్కి, సోమందేపల్లి మీదుగా పెనుకొండ పోయి, అక్కడ ఒక మిద్దె గదిలో రాక్షసులతో యుద్ధం చేసి సాయంత్రానికి ఇల్లు చేరతాడంటే ఎవరైనా నవ్వుతారు. నా భార్య కూడా మొదట్లో నవ్వింది. తర్వాత "పేకాట కాదు గదా, పోనీ" అని వదిలేసింది.

ఆ ఆటకు బోర్డు లేదు. ఒకరు కథ నడిపిస్తారు. మిగతావాళ్లం ఆ కథలో తలా ఒక పాత్ర. ముందు కొండ ఉందని, కొండ మీద కోట ఉందని, కోటలో ఫలానా ముప్పు ఉందని ఆయన చెబుతాడు. మా పాత్ర ఏం చేస్తుందో మేం చెప్పాలి. చేసిన పని ఫలించిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది.

కథ నడిపేది కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు, గోరంట్ల మనిషి. బెంగుళూరులో ఉన్నప్పుడు ఈ ఆట నేర్చుకుని వచ్చాడు. ఆయన భార్యది విలుకత్తె పాత్ర. ఇంకొకతను ధర్మవరం నుంచి రైల్లో వచ్చేవాడు. ముప్పై ఏళ్లు ఉంటాయి. ఒకప్పుడు మా కాలేజీ హాస్టల్లో ఉండి నా దగ్గర చదువుకున్నాడు. వాళ్ల నాయన పట్టుచీరలు నేస్తాడు, ఇతను వాటికి ఫోటోలు తీసి ఫోన్లో అమ్ముతాడు. ఆటలో గొడ్డలి వీరుడు. నన్ను ఈ ఆటకు పిలుచుకొచ్చింది అతనే.

మొదటి రోజు ఇంజనీరు ఒక కాగితం నా ముందు పెట్టాడు. దాని నిండా గడులు. బలం ఎంత, చురుకుదనం ఎంత, తెలివి ఎంత అని అంకెలు నింపాలి.

"మీకు బార్డ్ అయితే సరిపోతాది సార్" అన్నాడు. "పాటగాడు. కత్తి కంటే పాట ఎక్కువ పని చేస్తాది వాడికి. పాడితే మనవాళ్లకు ధైర్యం వస్తాది. ఎగతాళి చేసినాడంటే శత్రువు కుదేలైపోతాడు."

"నోటితోనే చంపుతాడన్న మాట" అన్నాను.

"మా సారుకు అది అలవాటే లేప్పా. క్లాసులో ఎంతమందిని చంపలేదు!" అని నా పాత విద్యార్థి అంటే అందరూ నవ్వారు.

ఆ పాత్రను నేను ఎంతో ఇష్టంగా తయారు చేసుకున్నాను. బలం తగ్గించి, మనుషుల్ని ఆకట్టుకునే గుణానికి ఎక్కువ అంకె ఇచ్చాను. చేతికి తంబుర ఇచ్చాను. సంతలు తిరుగుతూ బతికే మనిషనీ, ఒక ఊళ్లో పాడిన పాట ఇంకో ఊళ్లో పాడడనీ వెనక కథ రాశాను. లోపం ఏమిటి అన్న గడి ఒకటి ఉంది. 'తాగుతాడు' అని రాశాను. నాకు ఆ అలవాటు లేదు కాబట్టి అది రాయడం సులువైంది.

ఇంజనీరు మా బల్లకని ఒక నియమం పెట్టాడు. అది పుస్తకంలో లేదు. బార్డ్ ఎగతాళి చేసేటప్పుడు ఆటగాడు తాను సొంతంగా కట్టిన పాట నిజంగా పాడితే, మామూలు పాచికతో పాటు ఒక నీలం రంగు పాచిక కూడా వేసుకోవచ్చు. పాట సొంతదో కాదో ఎవరూ పరీక్షించరు. మాట మీద నమ్మకం.

ఇరవై ఏళ్లుగా తెలుగు చెప్పి బతుకుతున్నాను. ఎవరెవరి పద్యాలకో అర్థాలు రాయించాను. నాదంటూ ఒక్క లైను లేదు. కాలేజీ వార్షికోత్సవంలో "సార్, మీరు రాసింది ఏదైనా చదవండి" అని పిల్లలు అడిగితే గొంతు బాగోలేదని తప్పించుకునేవాణ్ని. ఆ నీలం పాచిక నాకు అందుకే అంత ముఖ్యమైంది. మొదటి రెండు నెలలు ప్రయత్నించాను. "ఓరి దుష్ట రాక్షసా, నీ గర్వమణచెద" అంటూ ఏదో పాడితే గదిలో ఎవరూ కదల్లేదు.

ఇంజనీరు భార్య మాత్రం "సార్, ఇది పాటనా, పరీక్ష పేపరా?" అంది.

నవ్వాను. ఇంటికి వెళ్లాక కూడా ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది.

ఒక సెలవు రోజు ధర్మవరంలో పని ఉండి, అట్నుంచి అటే నా పాత విద్యార్థి ఇంటికి పోయాను. అతను పార్సిల్ ఇచ్చి వస్తానని ఫోన్లో చెప్పాడు. వీధి తలుపు తీసే ఉంది. లోపల మగ్గం చప్పుడు. పిలవబోయి ఆగాను. మగ్గం గుంటలో కూర్చున్న వాళ్ల నాయన పాడుతున్నాడు. నా వైపు వీపు. గొంతు సన్నగా, కొంచెం బొంగురుగా ఉంది.

"యాడికి పోయినావే ఎండలోన..."

ఆ తర్వాత ఖాళీ. పాట లేదు, నేత లేదు. ఆయన పక్కకు వంగి అంచు దారం చుట్టిన నాడె, చిన్న పడవలాంటి కొయ్య, అందుకుని దారాల మధ్య పోనిచ్చాడు. మళ్లీ ఎత్తుకున్నాడు.

"ఏమి తెచ్చినావే కొంగులోన..."

మళ్లీ ఖాళీ.

"ఎవరితో నవ్వినావే సందులోన..."

చీర అంచు వేరే రంగులో నేసేటప్పుడు దానికి వేరే నాడె ఉంటుంది. దాన్ని అందుకోవడానికే పాట ఆగుతోందనుకున్నాను. పనిలోంచి లయ ఎలా పుడుతుందో క్లాసులో చెప్పేవాణ్ని కదా, ఆ పాఠం కళ్లముందు కనిపించిందని సంబరపడ్డాను. ఫోన్ తీసి, చప్పుడు కాకుండా, రికార్డు చేసుకున్నాను. నా ఈ రాతలో అన్నిటికంటే కష్టంగా వచ్చిన వాక్యం ఇదే. పొరపాటున నా చెవిన పడిన పాట కాదది. తలుపు పక్కకు ఒదిగి, ఊపిరి బిగబట్టి పట్టుకున్నాను. ఆయన వెనక్కి తిరగబోయేసరికి రెండడుగులు వెనక్కి వేసి, అప్పుడే వచ్చినట్టు "ఎవరూ లేరా?" అని పిలిచాను.

"రాండి సార్, రాండి" అన్నాడాయన. పాట మళ్లీ పాడలేదు.

హిందూపురం రైల్లో చెవుల్లో పెట్టుకుని ఆ పాటనే విన్నాను. పెనుకొండ దాటేసరికి నోటికి వచ్చేసింది. హిందూపురం చేరేసరికి ఆ ఖాళీల్లో ఏం పెట్టాలో కూడా తోచింది.

ఆ ఆదివారం కథలో ఒక కనుమ దాటాలి. దారికి అడ్డంగా ఒక భూతం కూర్చుని ఉంది. మా గొడ్డలి వీరుడికి అప్పటికే దెబ్బలు తగిలాయి. "బార్డ్ ఏం చేస్తాడు?" అని ఇంజనీరు అడిగాడు. లేచి నిలబడి, 'పోయినావే'ను 'పోయినావురా' చేసి ఎత్తుకున్నాను.

"యాడికి పోయినావురా ఎండలోన..."

ఆపాను. ఆ ఖాళీలో భూతం గొంతు పెట్టి, "పళ్లు తోమను పోయింటినప్పా, చెరువే ఎండిపాయె!" అన్నాను.

ఇంజనీరు భార్య బల్ల మీద చెయ్యి కొట్టి నవ్వింది. నాకు హుషారు వచ్చింది.

"ఏమి తెచ్చినావురా కొంగులోన..." మళ్లీ ఆపాను. "కొంగు యాడిదప్పా, గోచీ కూడా బాడుగదే!"

ఇంజనీరు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు తుడుచుకున్నాడు. నీలం పాచిక నా వైపు దొర్లించాడు. రెండు పాచికలూ బాగా పడ్డాయి. భూతం సిగ్గుతో లోయలోకి దూకి చచ్చింది. నేను బల్ల దగ్గర అంతగా గెలిచిన రోజు అంతకుముందు లేదు.

నా పాత విద్యార్థి మొదటి లైనుకు నవ్వబోయాడు. రెండో లైను దగ్గర చేతిలోని పాచికను బల్ల మీద పెట్టేశాడు. అది నేను చూశాను. చూడలేదని ఇన్నాళ్లు నాకు నేను చెప్పుకున్నాను గానీ, చూశాను.

"ఆ పాట యాడిది సార్?" అని అడిగాడు.

నిజం చెప్పడానికి ఒక్క క్షణం దొరికింది. మీ నాయనదే అని నవ్వుతూ చెప్పేసి ఉంటే, నీలం పాచిక పోయేది, అంతే.

"నేనే కట్టినా లేప్పా. బస్సులో. సోమందేపల్లి దాటినాక తట్టింది" అన్నాను.

అబద్ధానికి ఊరి పేరు కూడా తగిలించాను, నమ్మేలా ఉండాలని.

"బాగా వచ్చింది సార్" అన్నాడు. తన వంతు రాగానే పాచిక వేశాడు. ఎంత పడిందో కూడా చూసుకోలేదు. ఇంజనీరే చూసి చెప్పాడు.

ఆ సాయంత్రం బస్సులో నాకు ఒక పాత సంగతి గుర్తొచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరంలో ఇతను గైడులోంచి వ్యాసం దించాడని క్లాసు ముందు నిలబెట్టాను. "సొంతంగా నాలుగు ముక్కలు రాయలేవా?" అన్నాను. పిల్లలు నవ్వారు. ఇతను గంట కొట్టేదాకా తల దించుకుని నిలబడ్డాడు.

తర్వాతి ఆదివారం అతను రాలేదు. 'పెళ్లిళ్ల సీజన్ సార్, చీరలు పంపాల' అని మెసేజ్ పెట్టాడు. మూడో వారానికి ఇంజనీరు గొడ్డలి వీరుణ్ని కథలో ఒక సత్రంలో పడుకోబెట్టాడు, గాయాలు మానేదాకా అని. నేను మిగతావాళ్లతో పాటు "అయ్యో, ఎప్పుడొస్తాడో" అంటూ ఉన్నాను.

ఐదో ఆదివారం ఇంజనీరు భార్య నేను చెప్పులు విడవక ముందే ఎదురొచ్చింది.

"సార్, మీ పాట ధర్మవరం దాకా పోయింది! చీర కోసమని మొన్న మనోడింటికి పోయింటి. వాళ్ల నాయన మగ్గం కాడ అదే పాడతాండాడు. మనోడు ఇంట్లో పాడి నేర్పించినట్లుండాది. నేను ఆగలేక చెప్పేసినా, పెద్దాయనా, ఇది మా సార్ కట్టిన పాట తెలుసా అని."

"ఆయనేమన్నాడు?"

"అవునా తల్లీ అన్నాడు. అంతే, మళ్లీ పాడలేదు. నన్ను చూసి సిగ్గుపడినట్లుండాడు."

అప్పుడు కూడా నేను నిజం చెప్పలేదు. నవ్వాను. ఆ పూటంతా నా వంతు వచ్చినప్పుడల్లా గొంతు నొప్పి అని చెప్పి, పాట లేకుండా పాచిక వేశాను.

మరుసటి రోజు కాలేజీకి సెలవు పెట్టి ధర్మవరం రైలెక్కాను. నా పాత విద్యార్థి స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర కలిశాడు. కోపం ఉంటుందనుకున్నాను. అలసట కనిపించింది.

"నువ్వు ఆ పొద్దే గుర్తుపట్టినావు గదా" అన్నాను.

"మాటలకు గుర్తుపట్టలేదు సార్. అట్లాంటి మాటలు ఎవరైనా కడతారు. మీరు ఆపినారు సూడండి, ఆడ గుర్తుపట్టినా. మా నాయన ఎంతసేపు ఆపుతాడో అంతేసేపు ఆపినారు."

"అంచు నాడె అందుకోవడానికి ఆపుతాడనుకున్నా."

అతను టీ గ్లాసు పక్కన పెట్టాడు. "ఆ నాడె అందిచ్చేది మా అమ్మ సార్. పక్కన కూచోని. మా నాయన ఒక లైను అడిగితే మా అమ్మ జవాబు పాడి నాడె అందిచ్చేది. అది ఆమె జవాబు చెప్పే చోటు. అమ్మ పోయి నాలుగేండ్లయె. ఆయన ఇంకా ఆడ ఆపుతాడు."

ఆ చోటులో నేను పెట్టింది గోచీ గురించిన మాట.

"క్షమించప్పా" అని మొదలుపెట్టాను.

"నాకు చెప్పొద్దండి సార్. పాట నాది కాదు గదా. ఆయన ఇంట్లోనే ఉండాడు."

పెద్దాయన మగ్గం దగ్గరే ఉన్నాడు. నేత ఆపకుండానే కూర్చోమన్నాడు. చాప మీద కూర్చుని, ఉన్నదంతా చెప్పాను. తలుపు పక్కన నిలబడడం, ఫోన్లో పట్టుకోవడం, నాదని చెప్పుకోవడం, ఆయన ఆపే చోట ఎగతాళి పెట్టి నవ్వించడం. నేను చెబుతున్నంతసేపూ మగ్గం ఆడుతూనే ఉంది. చెప్పడం అయిపోయాక ఆగింది.

"ఏం మాటలు పెట్టినారు?" అని అడిగాడు.

అది అడుగుతాడనుకోలేదు. ఆయన నా ముఖం వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ గదిలో, ఆమె కూర్చునే వైపు చూడకుండా, చెరువు మాటా గోచీ మాటా మళ్లీ చెప్పాను. బల్ల దగ్గర అందరినీ నవ్వించిన మాటలు అక్కడ నా నోట్లోంచి రావడానికి ఎంతో సేపు పట్టింది.

ఆయన పెదవులు కొంచెం కదిలాయి. "ఆమె ఇంతకన్నా బాగా చెప్తాండె. ఒగ దినం చెప్పింది ఇంగో దినం చెప్పేది కాదు. ఏం చెప్తాదో నాకే తెల్వదు. నవ్వొచ్చి నాడె జారిపోతాండె."

ఆ మాటతో నాకు ఊపిరి ఆడింది. ముఖంలో అది కనిపించినట్టుంది. ఆయన వెంటనే అన్నాడు.

"ఆమె కూడా నవ్వులాటే ఆడేది గదా అని, మీరు చేసింది సులువుగా అనుకోవద్దండి సార్. నేను ఆమెకు పాడింటి. మీకు పాడలేదు."

తల దించుకున్నాను.

"ఆయమ్మ వచ్చి మా సార్ కట్టిన పాట అనె. అవునా తల్లీ అంటి. సదువు చెప్పే సార్ కట్టినాడంటే ఎవురైనా నమ్ముతారు. ఆ పొద్దు నుంచి నాకే అనుమానం సార్. నేనే కట్టినానా, లేకుంటే యాడన్నా విని నాదనుకుంటాండానా అని. అడుగుదామంటే ఆమె లేదు."

నేను పాట ఒక్కటే తీసుకున్నాననుకున్నాను. ఆయనకు తన మీద ఉన్న నమ్మకం కూడా అందులోనే పోయిందని అప్పటిదాకా నాకు తట్టలేదు.

"మీదే పెద్దాయనా. మీదే" అన్నాను.

"ఫోన్లో ఇంకా ఉండాదా?"

"ఉండాది."

"తీసేయండి."

ఆయన ముందే తీసేశాను. ఫోన్లోని చిన్న అక్షరాలు ఆయనకు తెలియవు. కొడుకును పిలిచి, "సూడు రా, పోయిందా?" అన్నాడు. నా పాత విద్యార్థి నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, వెతికి చూసి, "పోయింది నాయనా" అన్నాడు. నా మాట చాలదన్నది ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

"మీ ఆట కాడ కూడా ఇదే చెప్పండి" అని ఆయన మళ్లీ నేతలో పడ్డాడు.

ఆదివారం పెనుకొండలో కూర్చోక ముందే చెప్పాను. నీలం పాచిక తీసి బల్ల మధ్యలో పెట్టాను. ఇంజనీరు దాన్ని చూసి, "అడిగి పాడింటే సరిపోయేది గదా సార్. ఆయన పేరు చెప్పింటే మేమేమన్నా అనేవాళ్లమా?" అన్నాడు. ఆయన భార్య మాత్రం నా వైపు తిరగలేదు. అటు చూస్తూనే అంది:

"నా నోటితో ఆ పెద్దాయనకు అంత మాట చెప్పిచ్చినారు సార్. ఆ దినమే, మీరు చెప్పులు ఇడుస్తా ఉన్నప్పుడే, కాదమ్మా అని ఒక్క మాట అనింటే నేను అప్పుడే పోయి ఆయన కాళ్లు పట్టుకుంటాంటి."

ఆమె ఆ వారమే ధర్మవరం పోయి ఆయనతో మాట్లాడి వచ్చిందని తర్వాత తెలిసింది. నన్ను రమ్మనలేదు.

రెండు నెలల తర్వాత గొడ్డలి వీరుడు సత్రంలోంచి లేచాడు. నా పాత విద్యార్థి వచ్చి తన కుర్చీలో కూర్చుని, "ఎన్ని గాయాలు మిగిలినాయి నాకు?" అని ఇంజనీరును అడిగాడు. నాతో మామూలుగానే మాట్లాడతాడు. జోకులు కూడా వేస్తాడు. కానీ నా వంతు రాగానే అతని చూపు తన కాగితం మీదికి పోతుంది. నా వంతు అయ్యేదాకా అక్కడే ఉంటుంది. నా బార్డ్ ఇప్పుడు పాడడు. మాటలతో ఎగతాళి చేస్తాడు, ఒకే పాచిక వేస్తాడు, ఎక్కువసార్లు ఓడిపోతాడు. పాత్ర మార్చుకోమని ఇంజనీరు అన్నాడు. వద్దన్నాను. పాట చేతకాని పాటగాడిగా ఆ బల్ల దగ్గర కూర్చోవడమే నాకు సరైన చోటు అనిపించింది.

ధర్మవరం ఇప్పటికీ అప్పుడప్పుడు పోతాను. వాళ్ల వీధిలోకి తిరిగేసరికే మగ్గం చప్పుడు వినిపిస్తుంది. ఒక్కోసారి దాంతో పాటు గొంతు కూడా. ఇంటికి ఇంకా పది అడుగులుండగానే ఆగి, "పెద్దాయనా, ఉండారా? నేను, హిందూపురం సారును" అని వీధంతా వినబడేలా పిలుస్తాను.

పాట ఆగుతుంది. "రాండి సార్" అంటాడు లోపలి నుంచి. అప్పుడు లోపలికి పోతాను.